పిల్లి పడని పార్ట్‌నర్: ఇచ్చేయాలా, ఆగాలా, ఆగితే ఎన్నాళ్ళు?

ఒకళ్ళకి ఏళ్ళ తరబడి పెంచుకుంటున్న పిల్లి ఉంటుంది, ఇంకొకళ్ళకి పిల్లి పడదు, అంటే అలర్జీ, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి. అప్పట్నుంచి ఆ ఇంట్లో ప్రతి తుమ్మూ ఒక వాదనే. ఒకళ్ళు తుమ్మితే ఇంకొకళ్ళు ఏదో తప్పు చేసినట్టు తల దించుకోవడమో, లేదంటే "కావాలనే అంత గట్టిగా తుమ్ముతున్నావ్" అనడమో, చివరికి ఏ అర్ధరాత్రో ముక్కు దిబ్బడేసి నిద్ర పట్టక "అదో నేనో తేల్చుకో" అనేదాకా రావడమో జరుగుతుంది. ఆ మాట వచ్చాక ఇంక ఎవరూ అలర్జీ గురించి మాట్లాడరు, ఎవరి మీద ఎవరికి ఎక్కువ ప్రేమ అనే దాని గురించే మాట్లాడతారు. చిక్కు పడేది ఇక్కడే అని నాకనిపిస్తుంది. ఇది ముందుగా ఒంటికి సంబంధించిన ప్రశ్న, దీనికి జవాబు వారాల్లో నెలల్లో తేలుతుంది, కొన్ని విషయాల్లో ఏళ్ళు కూడా పడుతుంది, గొడవకి మాత్రం ఈ ఆదివారానికల్లా జవాబు కావాలి. ఆ తొందరలో కొంతమంది అక్కర్లేకుండానే పిల్లిని ఇచ్చేస్తారు, కొంతమందేమో ఇచ్చేయాల్సిన పరిస్థితిలో కూడా ఇవ్వకుండా సాగదీసి మనిషిని ఎమర్జెన్సీ వార్డు దాకా తీసుకెళ్తారు. రెండూ తప్పే, కానీ రెండోది ప్రాణం మీదకొచ్చే తప్పు.

ముందు అసలు పడనిదేంటో చూద్దాం. అందరూ బొచ్చు అనుకుంటారు గానీ బొచ్చు పాపం మూటలు మోసే కూలీ లాంటిది, సరుకు వేరే. పిల్లి ఉమ్మిలో, చర్మం కింద ఉండే నూనె గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రోటీన్ ఉంది, దాని పేరు ఫెల్ డి 1, దీన్ని 1970ల్లో మొదటిసారి వేరుచేశారు. పిల్లి అలర్జీ ఉన్నవాళ్ళలో 90 శాతానికి పైగా ఒళ్ళు ఎదురుతిరిగేది దీనికే. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటూ ఉంటుంది కదా, ఆ ఉమ్మి బొచ్చు మీద ఆరిపోయి, చర్మం మీంచి రాలే సన్నటి పొట్టుతో కలిసి గాల్లోకి లేస్తుంది. మిగతా అలర్జీలకీ దీనికీ పెద్ద తేడా ఏంటంటే కణాల సైజు. పరుపుల్లో ఉండే దుమ్ము పురుగుల రెట్ట కొంచెం బరువైన కణాలు కాబట్టి దులిపిన కాసేపటికి కింద పడిపోతాయి, పిల్లి ప్రోటీన్‌లో చెప్పుకోదగ్గ భాగం 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న కణాల మీద ఉంటుంది, అవి గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటాయి, లోపలికి పీల్చితే ముక్కు దాటి ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. అందుకే పిల్లి ఆ గదిలో లేకపోయినా, అసలు ఇంట్లోనే లేకపోయినా, లోపల అడుగు పెట్టగానే కొందరికి కళ్ళు దురద మొదలైపోతుంది. పైగా జిగురు స్వభావం, గోడలకి, కర్టెన్లకి, సోఫాకి, బట్టలకి అంటుకుపోతుంది. పిల్లుల్లేని ఇళ్ళల్లో, స్కూళ్ళల్లో, బస్సు సీట్ల మీద కూడా ఇది దొరుకుతుంది, పెంచుకునేవాళ్ళ బట్టల మీద ఎక్కి వస్తుంది అంతే. స్వీడన్‌లో 2001లో వచ్చిన ఒక స్టడీలో, పిల్లి పడని ఆస్తమా పిల్లలు ఇంట్లో పిల్లి లేకపోయినా, క్లాసులో పిల్లుల్ని పెంచుకునే పిల్లలు ఎక్కువమంది ఉంటే స్కూలు తెరిచాక ఆస్తమా ఎక్కువయి ఇబ్బంది పడ్డారని తేలింది.

అయితే ఇంట్లో పిల్లి ఉంది, మనిషి తుమ్ముతున్నాడు, కాబట్టి పిల్లి వల్లే అని తేల్చేయడం కూడా కరెక్ట్ కాదు. దుమ్ము పురుగులు, పుప్పొడి, బూజు, ఇవన్నీ దాదాపు ఇవే లక్షణాలు తెప్పిస్తాయి, ముఖ్యంగా పొద్దున లేవగానే వరసగా తుమ్ములొస్తుంటే పిల్లికంటే ముందు పరుపునే అనుమానించాలి. పిల్లిని ఇచ్చేశాక కూడా తుమ్ములు తగ్గక, అప్పుడు టెస్టుకెళ్తే దుమ్ము పురుగులని తేలిన ఇళ్ళు ఉంటాయి, అప్పటికి ఆ పిల్లి ఇంకో ఇంట్లో అలవాటు పడిపోయి ఉంటుంది, వెనక్కి అడగడానికి మొహం చెల్లదు. అందుకని మొదటి పని టెస్ట్. స్కిన్ ప్రిక్ టెస్ట్ అయితే ముంజేతి మీద చుక్కలు పెట్టి చిన్నగా గుచ్చుతారు, 15, 20 నిమిషాల్లో దద్దురు లేస్తుందో లేదో చూస్తారు, దానికి ముందు సుమారు వారం రోజులు సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్తారు. మాత్రలు ఆపలేనంత ఇబ్బందిగా ఉంటే రక్తంలో ఐజీఈ (అలర్జీ తెప్పించే యాంటీబాడీ, అంటే ఒళ్ళు తయారుచేసుకునే ఒక రక్షణ ప్రోటీన్) చూసే టెస్ట్ ఉంది, దానికి ఏదీ ఆపక్కర్లేదు. ఒక మెలిక ఏంటంటే, టెస్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ రోగం ఉన్నట్టు కాదు, ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి సిద్ధంగా ఉందని మాత్రమే అర్థం. పాజిటివ్ వచ్చి కూడా ఏ ఇబ్బందీ లేకుండా పిల్లితో ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. రిపోర్టుని లక్షణాలతో కలిపి చదివితేనే దానికి విలువ, ఆ చదవడం అలర్జీ డాక్టర్ చేయాలి, ల్యాబ్ కాగితం మీద ఎర్రగా కనిపించిన అంకె చూసి ఇంట్లో మనం తీర్పు చెప్పకూడదు.

చాలామంది ఇంకో పరీక్ష సొంతంగా పెడతారు. పిల్లిని ఓ రెండు వారాలు ఫ్రెండ్ ఇంట్లో ఉంచి చూద్దాం, తగ్గితే పిల్లి వల్లే, తగ్గకపోతే కాదు అని. వినడానికి లాజిక్ బానే ఉంది కానీ ఈ పరీక్ష పనికిరాదు. పిల్లి వెళ్ళిపోయినా దాని ప్రోటీన్ ఇంట్లోనే ఉంటుంది. 1989లో అమెరికాలో చేసిన ఒక స్టడీలో పిల్లిని తీసేశాక ఇంటి దుమ్ముని క్రమం తప్పకుండా కొలుస్తూ వెళ్తే, చాలా ఇళ్ళల్లో అది పిల్లి లేని ఇంటి స్థాయికి దిగడానికి 20 నుంచి 24 వారాలు పట్టింది, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే. కార్పెట్లు, సోఫాలు తీసేసిన ఇళ్ళల్లో మాత్రం త్వరగా తగ్గింది. అంటే రెండు వారాల తర్వాత "చూశావా, పిల్లి లేకపోయినా తుమ్ముతున్నావ్" అని గెలిచినట్టు అనడానికి ఏమీ లేదు, అక్కడ పిల్లి లేదు గానీ పిల్లి సరుకంతా అలాగే ఉంది. తిప్పి చేస్తే కొంచెం మెరుగు, అంటే పిల్లిని కాదు, పడని మనిషిని పిల్లి వాసనే లేని చోట కొన్నాళ్ళు ఉంచి చూడడం, అదీ పిల్లి ఉన్న ఇంట్లోని బట్టలు పట్టుకుపోకుండా. కానీ దీంట్లోనూ ఒక చిక్కుంది. రోజూ పిల్లితో ఉండేవాళ్ళకి ఒంట్లో కొంత ఓర్పు వస్తుంది, కొన్ని నెలలు దూరంగా ఉండి తిరిగొస్తే ఆ ఓర్పు పోయి ముందుకంటే గట్టిగా రియాక్షన్ రావచ్చు. కాలేజీకి వెళ్ళిన పిల్లలు సెలవులకి ఇంటికొచ్చి, చిన్నప్పట్నుంచీ తమతోనే పెరిగిన పిల్లిని ఎత్తుకుని కళ్ళు వాచిపోయి కూర్చోవడం డాక్టర్లకి బాగా తెలిసిన కథే.

"ఉండగా ఉండగా అలవాటైపోతుందిలే" అనే మాట ఉంది కదా, అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. కొందరిలో ఎక్కువ మోతాదులో రోజూ తగులుతుంటే ఒళ్ళు ఐజీజీ4 అనే వేరే రకం యాంటీబాడీలు చేసుకుని సర్దుకుంటుంది, కొందరిలో అదే పరిస్థితి ముక్కుతో మొదలై ఛాతీలోకి దిగుతుంది. ఎవరు ఏ వైపు వెళ్తారో ముందే చెప్పే టెస్ట్ ఏదీ లేదు. కాబట్టి పిల్లిని పెంచుకునేవాళ్ళు ఈ మాటని ఓదార్పుగా అనొచ్చేమో గానీ ప్లానుగా పెట్టుకోకూడదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన గీత ఇక్కడ గీయాలి. ముక్కు, కళ్ళ వరకేనా, లేక ఊపిరితిత్తుల దాకా వెళ్ళిందా? తుమ్ములు, నీళ్ళు కారడం, కళ్ళు ఎర్రబడి దురద, పిల్లి గీరిన చోట దద్దురు, ఇవన్నీ చిరాకే, నిద్ర చెడగొడతాయి, పని చెడగొడతాయి, తేలిగ్గా తీసుకోమని నేననడం లేదు, కానీ వీటితో నెలల తరబడి రకరకాల దారులు ప్రయత్నించే టైమ్ ఉంటుంది. రాత్రిపూట దగ్గుతో మెలకువ రావడం, ఛాతీ పట్టేసినట్టు ఉండడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం, ఇవి వచ్చాయంటే లెక్క మారిపోతుంది. ఆస్తమా కంట్రోల్‌లో ఉందో లేదో డాక్టర్లు చూసే విషయాలు ఏమీ బ్రహ్మవిద్య కాదు. గత నాలుగు వారాల్లో పగటి లక్షణాలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా, వెంటనే ఉపశమనానికి వాడే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్లు మించి కావాల్సొచ్చిందా, రాత్రి మెలకువ వచ్చిందా, మామూలు పనులు ఆగిపోయాయా అని అడుగుతారు. వీటిలో మూడు నాలుగింటికి అవునంటే ఆస్తమా అస్సలు అదుపులో లేనట్టు. మందులు సరిగ్గా వాడుతున్నా, ఇంట్లో జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఇదే పరిస్థితి ఉంటే పిల్లిని మంచి చోటికి పంపడమే సరైన పని, దాని గురించి ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఇంతకుముందు ఆస్తమాతో ఆసుపత్రిలో చేరిన మనిషైతే పిల్లిని ఇంట్లో ఉంచుకుని మందులతో, జాగ్రత్తలతో ప్రయోగాలు కూడా చేయకూడదు, పిల్లి ముందు తాత్కాలికంగానైనా వేరేచోట ఉండాలి, మిగతా ఆలోచన ఆ తర్వాత.

ముక్కు కళ్ళ వరకే అని తేలిందనుకుందాం. ఇప్పుడు మందులు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో జరిగేది ఏంటంటే, బాగా ఎక్కువైన రోజు ఒక మాత్ర వేసుకుని, అది పూర్తిగా పనిచేయలేదని "మందులు కూడా వాడాం, లాభం లేదు" అని తీర్మానించేస్తారు. సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి తుమ్ములకి, దురదకి బానే పనిచేస్తాయి, ముక్కు దిబ్బడకి అంతగా కాదు. దిబ్బడకి అసలు మందు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటివి, స్టెరాయిడ్ అనే పేరు విని భయపడి చాలామంది ముట్టుకోరు గానీ ముక్కు స్ప్రేలో ఒంట్లోకి చేరేది చాలా కొద్ది. దాని చిక్కల్లా రోజూ వాడాలి, పూర్తి ఫలితం తెలియడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒకరోజు కొట్టి పని చేయలేదంటే అది స్ప్రే తప్పు కాదు. కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపుకి, అంటే అదే పక్క కంటి చివర వైపుకి తిప్పి కొట్టాలి, లేదంటే రక్తం కారుతుంది, అది చూసి భయపడి ఆపేస్తారు. దిబ్బడ వెంటనే తీసేసే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేరు, అవి కొన్ని రోజులకు మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువగా దిబ్బడేస్తుంది, రోజూ పిల్లితో ఉండే మనిషికి అవి దారి కాదు. మోంటెలుకాస్ట్ అనే మాత్ర కూడా ఇస్తుంటారు, అయితే దాంతో కొందరిలో మూడ్ మారడం, పీడకలలు, దిగులు లాంటివి వస్తాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది, ఇప్పటికే పిల్లి గొడవలో మనసు బాగోలేని మనిషి ఈ మందు మొదలుపెడితే ఇంట్లోవాళ్ళు ఓ కన్నేసి ఉంచాలి.

మందులతో పాటు ఇల్లు. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ఏ ఒక్క జాగ్రత్తా ఒంటరిగా పెద్దగా పనిచేయదు. హెపా ఫిల్టర్ (గాల్లోని సన్నటి కణాల్ని వడకట్టేది) ఉన్న మెషిన్ కొని మూలన పెట్టి సమస్య తీరిందనుకుంటే కుదరదు, అది 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం పట్టుకునే మాట నిజమే, కానీ తన దగ్గరికొచ్చిన గాలిలోవే పట్టుకుంటుంది, సోఫాలో దిగిపోయినవి దానికి అందవు. ఫిల్టర్ పెడితే గాల్లో ప్రోటీన్ తగ్గింది గానీ మనుషుల లక్షణాల్లో తేడా పెద్దగా రాలేదని చెప్పిన స్టడీలు కూడా ఉన్నాయి. కాబట్టి చేస్తే అన్నీ కలిపి, ఒకేసారి, కనీసం రెండు మూడు నెలలు చేయాలి. పడక గదిలోకి పిల్లి రాకూడదు, ఒక్క నిమిషం కూడా, ఎందుకంటే రోజులో మూడోవంతు మనం గడిపేది అక్కడే. ఇది మొదలుపెట్టే రోజే పరుపుకీ దిండ్లకీ అలర్జీ కవర్లు వేసి, దుప్పట్లన్నీ ఉతికి, కర్టెన్లు మార్చి మొదలుపెట్టాలి, పాత సరుకు లోపలుంచి తలుపేస్తే ఏం లాభం. కార్పెట్ ఉంటే తీసేయండి, నున్నటి నేలతో పోలిస్తే కార్పెట్‌లో ఈ ప్రోటీన్ వంద రెట్ల దాకా పేరుకుంటుంది. గుడ్డ సోఫా ఉంటే ఉతికే కవర్లు వేయండి. పొడి చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవాలి, వాక్యూమ్ వాడితే హెపా ఉన్నదే వాడాలి, లేకపోతే అది వెనక నుంచి మళ్ళీ గాల్లోకే వదులుతుంది. ఈ ఊడ్చడాలూ తుడవడాలూ, పిల్లిని దువ్వడం, లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకి పెట్టే ఇసుక డబ్బా) శుభ్రం చేయడం, ఇవన్నీ పిల్లి ఎవరిదో వాళ్ళే చేయాలి, పడని మనిషి ఆ టైమ్‌లో ఆ గదిలో కూడా ఉండకూడదు. పిల్లిని ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకపోవడం అనే చిన్న అలవాటు కొందరికి సగం బాధ తగ్గిస్తుంది.

పిల్లికి స్నానం చేయించమని చాలామంది సలహా ఇస్తారు. చేయిస్తే తగ్గుతుంది, కానీ వారం తిరక్కుండానే మళ్ళీ మామూలే, వారానికి రెండుసార్లు పిల్లిని నీళ్ళలో ముంచడం పిల్లికీ మీకూ ఇద్దరికీ శిక్షే, నేనైతే వద్దంటాను. మగపిల్లికి ఇంకా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకపోతే మాత్రం చేయించండి, ఆపరేషన్ కాని మగపిల్లి ఈ ప్రోటీన్‌ని ఎక్కువగా చేస్తుంది, చేయించాక తగ్గుతుంది. ఇంకోటి కొత్తగా వచ్చింది, పిల్లి ఫుడ్. కోడిగుడ్డు నుంచి తీసిన యాంటీబాడీలు కలిపిన డ్రై ఫుడ్, పిల్లి నమిలేటప్పుడు ఉమ్మిలోని ఫెల్ డి 1కి అంటుకుని దాన్ని పనిచేయకుండా చేస్తాయి, పిల్లికేం హాని ఉండదు. 2019లో వచ్చిన స్టడీలో మూడో వారం నుంచి బొచ్చు మీద పనిచేసే ప్రోటీన్ సగటున 47 శాతం తగ్గింది, అయితే ఆ స్టడీ చేసింది ఆ ఫుడ్ అమ్మే పురీనా వాళ్ళే అన్నది కూడా గుర్తుంచుకుని అంకె చదవాలి. పైగా బొచ్చు మీద సగం తగ్గితే మనిషి తుమ్ములు కూడా సగం తగ్గుతాయని కాదు. అయినా పిల్లి రోజూ తినేదే కదా, మిగతా జాగ్రత్తలతో కలిపి వాడి చూడ్డానికి అడ్డేం లేదు.

"హైపోఅలర్జెనిక్ జాతి పిల్లిని తెచ్చుకుని ఉన్నదాన్ని ఇచ్చేద్దాం" అనే ఐడియా కూడా వస్తుంటుంది, సైబీరియన్, బాలినీస్ అని పేర్లు చెప్తారు. అలర్జీ రాని జాతి అంటూ ఏదీ లేదు, బొచ్చే లేని స్ఫింక్స్ కూడా ఉమ్మి, చర్మం ఉన్న పిల్లే. ఒకే జాతిలో ఒక పిల్లికీ ఇంకో పిల్లికీ, ఒకే పిల్లిలో ఒక నెలకీ ఇంకో నెలకీ కూడా మోతాదు బాగా మారుతుంది, అందుకే "ఫలానావాళ్ళ పిల్లితో నాకేం కాదు" అనే అనుభవాలు నిజమే అయినా దాన్ని బట్టి జాతిని కొనలేం.

పూర్తిగా వేరే దారి ఇమ్యునోథెరపీ, అంటే పడనిదాన్నే సూక్ష్మమైన మోతాదులో ఇంజెక్షన్‌గా ఇస్తూ పెంచుకుంటూ పోయి ఒంటికి అలవాటు చేయడం. పద్ధతి పాతదే, 1911లోనే గడ్డి పుప్పొడి మీద ప్రచురించారు. మొదట్లో వారం వారం, తర్వాత నెలకోసారి, మొత్తం 3 నుంచి 5 ఏళ్ళు. తేడా తెలియడానికే చాలామందికి నెలలు పడుతుంది. ఇంజెక్షన్ తర్వాత అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెడతారు, అరుదుగా ప్రమాదకరమైన రియాక్షన్ రావచ్చు కాబట్టి. ఆస్తమా అదుపులో లేనివాళ్ళకి ఇవ్వరు, అంటే ఎవరికి బాగా అవసరమో వాళ్ళలో కొందరికి ఈ దారి ముందు మూసే ఉంటుంది, ఆస్తమా దారికొచ్చాకే తలుపు తెరుచుకుంటుంది. ఇంకా దీర్ఘకాలం కలిసి ఉండబోయే జంట, పిల్లి వయసు చిన్నది, లక్షణాలు మధ్యస్థం అయితే ఇది నిజంగా ఆలోచించాల్సిన దారి. పద్నాలుగేళ్ళ ముసలి పిల్లి కోసమైతే లెక్క వేరే. పిల్లికే వేసే వ్యాక్సిన్ మీద స్విట్జర్లాండ్‌లో పరిశోధన జరిగింది, ఫెల్ డి 1 జీన్లని క్రిస్పర్ అనే జీన్లు కత్తిరించే పద్ధతితో తీసేయొచ్చని 2022లో అమెరికాలోని ఇన్‌బయో అనే కంపెనీ వాళ్ళు పిల్లి కణాల్లో చూపించారు, ఇవన్నీ చదువుకోవడానికి బాగుంటాయి, మీ ఇంట్లో ఈ ఏడాది గొడవకి పనికిరావు.

సరే, ఇద్దరి మధ్య సంగతి. పిల్లి ఉన్నవాళ్ళు చేసే పెద్ద పొరపాటు నమ్మకపోవడం, "మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరికీ రాలేదు" అని. పడనివాళ్ళు చేసే పొరపాటు, అసలు పిల్లంటేనే ఇష్టం లేని సంగతిని అలర్జీ వెనక దాచడం. ఇష్టం లేకపోవడం తప్పేం కాదు, కానీ అదైతే అదే చెప్పాలి, మందులు వాడినట్టు నటించి "చూశావా తగ్గలేదు" అంటే ఆ అబద్ధం పిల్లి వెళ్ళిపోయాక కూడా ఇంట్లోనే ఉంటుంది. ఇద్దరూ కూర్చుని ముందే ఒక తారీఖు పెట్టుకోవడం మంచిది, ఇవాళ్టి నుంచి మూడు నెలలు, పడని మనిషి మందులు క్రమం తప్పకుండా వాడాలి, పిల్లి మనిషి ఇంటి పనంతా చేయాలి, రోజూ నిద్ర ఎలా పట్టింది, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు అని ఓ నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాయాలి. ఏది జరిగితే ఇచ్చేస్తాం, ఏది జరిగితే ఉంచుకుంటాం అన్నది కూడా ఇప్పుడే, ఎవరూ తుమ్మకుండా ఉన్నప్పుడే అనుకోవాలి. గడువు మధ్యలో ఛాతీలోకి దిగితే గడువుతో పనిలేదు, అక్కడితో ఆపేయాలి. ఇంకో మాట, ఇచ్చేయాలని తేలితే ఆ నిర్ణయం పిల్లి మనిషి నోటి నుంచే రావాలి, పడని మనిషి బంధువులు ఫోన్ చేసి చెప్పే పద్ధతిలో అస్సలు కాదు.

ఇవ్వాలని తేలాక తొందర వద్దు, ఇక్కడ కూడా వారాలు పడుతుంది. మొట్టమొదట, బయట వదిలేయడం అనేది ఆప్షనే కాదు. ఇంట్లో పెరిగిన పిల్లికి వేటాడి బతకడం, కుక్కల నుంచి, బండ్ల నుంచి తప్పించుకోవడం తెలియదు, "పిల్లే కదా బతికేస్తుంది" అన్నది మన మనశ్శాంతి కోసం మనం చెప్పుకునే మాట. ముందు తెలిసినవాళ్ళని అడగండి, పిల్లికి ఇప్పటికే పరిచయం ఉన్న మనిషైతే ఇంకా మంచిది. దొరక్కపోతే రెస్క్యూ సంస్థలు, అందులోనూ పిల్లిని బోనులో కాకుండా ఎవరో ఒకరి ఇంట్లో ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా ఉంచేవి. కొత్తవాళ్ళకి ఇచ్చేటప్పుడు వాళ్ళ ఇల్లు ఒకసారి చూడండి, కిటికీలకి, బాల్కనీకి నెట్ ఉందా, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా, ఇంతకుముందు పిల్లుల్ని పెంచారా, ఆ పిల్లులేమయ్యాయి. వాళ్ళింట్లోవాళ్ళు ముందు పిల్లితో ఓ గంట కూర్చుని చూడమనడం కూడా మర్చిపోవద్దు, లేకపోతే ఇదే కథ వాళ్ళింట్లో మొదలవుతుంది. పిల్లి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి, గీరుతుందా, సోఫా చింపుతుందా, లిట్టర్ బాక్స్ బయట ఒంటికి పోస్తుందా, ఏ జబ్బుంది, దాచి ఇస్తే రెండో నెలలో తిరిగొస్తుంది, అప్పటికి అది రెండు ఇళ్ళు మారిన పిల్లి. ఒకదాన్నొకటి నాక్కుంటూ ఒకే చోట ముడుచుకుని పడుకునే జంట పిల్లులైతే విడదీయకండి, ఎక్కువ టైమ్ పట్టినా రెండింటినీ కలిపి తీసుకునేవాళ్ళ కోసం ఆగండి. ఎప్పుడూ ఒకదానికొకటి బుసలు కొట్టుకునేవైతే విడదీస్తేనే వాటికి హాయి. టీకాల కాగితాలు, ఆపరేషన్ వివరాలు, వెట్ (జంతువుల డాక్టర్) ఫోన్ నంబరు ఇవ్వండి, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే అందులో పేరు మార్పించండి, ఇది అందరూ మర్చిపోతారు, పిల్లి తప్పిపోయి ఎవరికో దొరికితే ఫోన్ మీకే వస్తుంది.

పిల్లికి మనుషులతో పాటు స్థలం కూడా ముఖ్యం, దాని వాసన ఉన్న స్థలం. కాబట్టి అది పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే పంపండి, అదే లిట్టర్, అదే ఫుడ్ కొన్ని వారాలకి సరిపడా పంపండి, మార్పు ఏదైనా తర్వాత మెల్లగా చేసుకోమనండి. కొత్త ఇంట్లో మొదట ఒక్క గదిలోనే ఉంచాలి. మంచం కింద దూరి రెండు మూడు రోజులు బయటికి రాకపోవడం మామూలే, లాగకూడదు. కానీ తినకపోవడం మాత్రం మామూలు కాదు, పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌లో పేరుకుని ప్రాణం మీదకి వస్తుంది, ఒక రోజంతా ముట్టకపోతే వెట్‌కి ఫోన్ చేయమని ముందే చెప్పి పంపండి. ఇంకోటి, చాలా పిల్లుల్లో చిన్నప్పటి హెర్పిస్ వైరస్ నిద్రపోతూ ఉంటుంది, ఇల్లు మారిన ఒత్తిడికి అది లేచి, వెళ్ళిన వారానికో రెండు వారాలకో పిల్లి తుమ్ములు, కళ్ళలో నీళ్ళు మొదలుపెడుతుంది. కొత్తవాళ్ళు "జబ్బు పిల్లిని అంటగట్టారు" అనుకుంటారు, ఇది మనుషులకి అంటేది కాదు, సాధారణంగా తగ్గిపోతుంది, అని ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఆ ఫోన్ కాల్ తేలిగ్గా ఉంటుంది. వయసైపోయిన పిల్లులు, రోజూ మందులు కావాల్సిన పిల్లుల సంగతి కష్టం, వాటిని తీసుకునేవాళ్ళు తక్కువ, దొరక్కపోతే అమ్మానాన్నల ఇల్లో, దగ్గరి ఫ్రెండ్ ఇల్లో, ఖర్చు మీరే భరిస్తూ ఉంచడం అనేది సిగ్గుపడాల్సిన ఏర్పాటు కాదు. ఇచ్చేటప్పుడు, కుదరకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మాకే తిరిగి చెప్పండి అని కాగితం మీద రాయించుకోండి, అప్పుడు మీరు దాన్ని ఇంటికి తెచ్చుకోలేకపోయినా ఇంకో చోటు వెతకగలరు.

పిల్లి వెళ్ళిన తర్వాతి నెలల గురించి ఎవరూ ముందే చెప్పరు, అందుకే చాలా గొడవలు అప్పుడొస్తాయి. ఒకళ్ళు పిల్లి లేక ఏడుస్తుంటారు, ఇంకొకళ్ళు ఇంకా తుమ్ముతూనే ఉంటారు, "దాన్ని పంపించి కూడా ఏం లాభం" అనే మాట వచ్చేస్తుంది. పైన చెప్పిన 20, 24 వారాల లెక్క ఇక్కడ గుర్తు చేసుకోవాలి, మందులు పిల్లి వెళ్ళిన రోజే ఆపకూడదు. సోఫా కవర్లు, కర్టెన్లు, పరుపు, గోడలు, ఫ్యాన్ రెక్కలు, అన్నీ ఒకసారి తడిగా శుభ్రం చేస్తే ఆ గడువు తగ్గుతుంది, పిల్లి ఎక్కి పడుకున్న పాత పరుపు మార్చగలిగితే మార్చడమే మంచిది, అది ఎన్నాళ్ళైనా వదలదు. ఏడ్చేవాళ్ళని "పిల్లే కదా" అనకండి. పడని మనిషి పిల్లి వెళ్ళినందుకు బయటికి సంతోషం చూపించకుండా ఉండాలి, నిజంగా ఊపిరి ఆడుతున్నా సరే.

కొత్త ఇంటివాళ్ళు చూడ్డానికి రమ్మంటే వెళ్ళండి, మొదటి నెల మాత్రం ఆగండి, పిల్లిని అక్కడ కుదురుకోనివ్వండి, ఫోటోలు అడగండి చాలు. వెళ్ళొచ్చిన రోజు గుమ్మంలోంచి నేరుగా బాత్రూమ్‌కి వెళ్ళి తలస్నానం చేసి, ఆ బట్టలు మంచం మీద పడేయకుండా వాషింగ్ మెషిన్‌లో వేసేయండి, ఒళ్ళో కూర్చోబెట్టుకున్న కాసేపట్లోనే అవతలి మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టకుండా చేసేంత సరుకు చొక్కా మీద వచ్చేస్తుంది.